పాత జీపు ఒంటి పైపు బ్రేకును జంట లైనుకు మార్చడం: ఏది ముందు, ఏది తర్వాత

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, మిగతా చదివేవాళ్లకు సులువుగా ఉంటుంది. మీది 1980ల నాటి మహీంద్రా డీజిల్ జీపు, ఫోర్ వీల్ డ్రైవ్. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను పైపుల్లోకి తోసేది, డ్రైవర్ కాళ్ల కింద చాసిస్‌కు బిగించి ఉంది, దాని నుంచి ఒక్క పైపే బయటికి వస్తుంది. మారేడుమిల్లి ఘాట్ దిగుతుంటే పెడల్ మెత్తబడి కిందికి పోయింది. మీ మెకానిక్ ముందు చక్రాలకు డిస్క్ కిట్ వేద్దామంటున్నాడు. ఇంకొకాయన టీఎంసీ, అంటే రెండు లైన్లకు విడిగా ఆయిల్ తోసే టాండెమ్ మాస్టర్ సిలిండర్ తెచ్చి పాత పైపుకే కలిపేస్తే చాలంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలని అడిగారు.

ఇద్దరి మాటా వద్దు. మొదట లైన్లు విడదీయాలి, ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి. ఆ తర్వాత బూస్టర్, అంటే వాక్యూమ్‌తో కాలి బలానికి తోడయ్యే డబ్బా సంగతి. డిస్కులు చివర, అదీ మీ వాడకానికి నిజంగా అవసరమైతేనే. రాజమండ్రి వైపు చాలాకాలం జీపుల పని చేసినవాడిగా ఈ మాట చెబుతున్నాను. కన్వర్షన్ చేయించుకుని వచ్చిన బళ్లలో గొడవ డిస్కుల్లోనో డ్రమ్ముల్లోనో కనిపించేది తక్కువ. పైపుల్లో, నట్లలో, మాస్టర్ సిలిండర్ ఎంపికలోనే ఎక్కువగా తేలేది.

ముందు ఘాట్‌లో ఏం జరిగిందో చూద్దాం. బ్రేకు పడకపోవడంలో రెండు రకాలున్నాయి. పెడల్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే లైనర్లు, అంటే డ్రమ్మును రాసుకుని ఆపే పొరలు, వేడెక్కి పట్టు కోల్పోయాయని అర్థం. పెడలే మెత్తగా దిగిపోతే లైనులో ఆవిరి చేరిందని అర్థం. డాట్ 3 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. నీరు పీల్చుకున్నాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కి ఇవే అంకెలు 230, 155. ఈ ఆయిల్ గాలిలోని తేమను లాగేసుకుంటుంది. గోదావరి జిల్లాల గాలిలో తేమకు కొదవ లేదు కదా. పైగా మీ మాస్టర్ సిలిండర్ మూత ఫ్లోరు ప్లేటు కింద ఉంటుంది కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ దాన్ని తెరిచి చూడరు. మీరు చెప్పిన లక్షణం రెండో రకానిది. దానికి డిస్క్ కిట్ మందు కాదు. పాత ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోసి, రెండో గేరులో దిగితే చాలావరకు పోతుంది. డిస్కులు వేసి అదే పాత ఆయిల్ ఉంచితే డిస్కును నొక్కి పట్టే కాలిపర్‌లోనూ మరుగుతుంది.

ఇప్పుడు ఒంటి పైపు సంగతి. ఈ బళ్ల మూలం విల్లీస్ జీపు. యుద్ధకాలపు ఎంబీ మోడల్ నుంచి సీజే 3బీ మోడల్ దాకా ఒకటే పద్ధతి: 9 అంగుళాల డ్రమ్ములు, 1 అంగుళం బోరు (లోపలి వ్యాసం) మాస్టర్ సిలిండర్, ముందు 1 అంగుళం వీల్ సిలిండర్లు (చక్రం దగ్గర లైనర్లను డ్రమ్ముకేసి తోసేవి), వెనక ముప్పావు అంగుళం వీల్ సిలిండర్లు. మాస్టర్ నుంచి వచ్చిన పైపు ఒక టీ (మూడు దారుల జాయింటు) దగ్గర చీలి ముందుకూ వెనక్కూ పోతుంది. చాసిస్ నుంచి ముందు యాక్సిల్‌కు ఒక రబ్బరు హోస్, అక్కణ్ణుంచి తిరిగే చక్రాలకు చెరొక హోస్, వెనక యాక్సిల్‌కు ఒకటి. అంటే నాలుగు హోసులు, నాలుగు వీల్ సిలిండర్లు, గజాల కొద్దీ పైపు, బోలెడు జాయింట్లు. వీటిలో ఏ ఒక్కటి పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. అమెరికాలో 1968 నుంచి కార్లకు విడివిడి సర్క్యూట్లు తప్పనిసరి చేసింది ఇందుకే. మన దగ్గర ఆ తర్వాత కూడా చాలాకాలం ఒంటి పైపు జీపులు తయారయ్యాయి, ఇప్పటికీ ఏజెన్సీ రోడ్ల మీద మనుషుల్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయి.

టీఎంసీ ఎలా పనిచేస్తుందో తెలిస్తే రెండో ఆయన సలహా ఎందుకు తప్పో తెలుస్తుంది. ఒకే గొట్టంలో వెనకా ముందూ రెండు పిస్టన్లుంటాయి. పెడల్ రాడ్డు మొదటి పిస్టన్‌ను తోస్తుంది. మధ్యలో ఉన్న ఆయిల్, స్ప్రింగు కలిసి రెండో పిస్టన్‌ను తోస్తాయి. ఒక్కో పిస్టన్ ముందున్న ఆయిల్ ఒక్కో లైనులోకి పోతుంది. పైనున్న ఆయిల్ డబ్బాలో కూడా అడ్డుగోడ ఉంటుంది, ఒక వైపు ఖాళీ అయినా రెండో వైపు నిలుస్తుంది. ఒక లైను పగిలితే ఆ వైపు పిస్టన్ ఆయిల్ ఒత్తిడి లేకుండానే చివరిదాకా జరిగి లోహానికి లోహం ఆనుకుంటుంది, అప్పుడు రెండో వైపు ఒత్తిడి మొదలవుతుంది. పెడల్ బాగా కిందికి వెళుతుంది కానీ రెండు చక్రాలైనా పట్టుకుంటాయి. ఇలాంటి సిలిండర్ కొని, రెండు రంధ్రాల పైపులనూ ఒక టీలో కలిపి పాత పైపుకు తగిలించడమంటే రెండు గదుల ఇల్లు కట్టి మధ్య గోడ పడగొట్టుకోవడమే. ఒక్క చోట కారితే రెండు వైపులా ఖాళీ అవుతుంది. ఇలా చేసిన బళ్లు నా షెడ్డుకు వచ్చాయి, ఓనర్లేమో తమకు డబుల్ లైనుందనే ధీమాలో ఉన్నారు. చూడగానే తెలుసుకోవాలంటే టీఎంసీ నుంచి వచ్చే రెండు పైపులను చేత్తో వెంబడించండి. అవి ఎక్కడైనా కలుస్తున్నాయంటే మీది ఒంటి లైనే.

విడదీసే పద్ధతులు చాలా ఉన్నాయి. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో ఐమూలగా విడదీస్తారు, కుడి ముందు చక్రంతో ఎడమ వెనక చక్రం. దానికి తగ్గట్టు స్టీరింగ్ కోణాలు కూడా ఉండాలి, జీపుకు అది పనికిరాదు. 1970లో వచ్చిన రేంజ్ రోవర్‌లో ముందు కాలిపర్లకు నాలుగేసి పిస్టన్లు, ఒక్కో చక్రానికి రెండేసి హోసులు. ఏ సర్క్యూట్ పోయినా ముందు చక్రాలు రెండూ సగమైనా పట్టుకుంటాయి. ఆలోచన చాలా గొప్పది. కానీ అలాంటి బండికి తర్వాతి కాలపు ఒంటి హోస్ కాలిపర్లు వేయాలని చూసేవాళ్లు రెండు పైపులనూ అక్కడే ఒక టీలో కలిపేస్తారు, మళ్లీ అదే గోడ పడిపోతుంది. అక్కడ చేయాల్సింది ఒక సర్క్యూట్‌ను పూర్తిగా ముందుకు, రెండోదాన్ని పూర్తిగా వెనక్కు మళ్లించి, మధ్యలో ఉన్న వాల్వుల అమరికను కూడా దానికి తగ్గట్టు మార్చడం. మన జీపుకు ఈ చిక్కులేవీ లేవు. ముందొకటి, వెనకొకటి, అంతే. పాత టీని తీసేసి వెనక పైపును నేరుగా టీఎంసీకి తేవాలి, ముందు పైపును రెండో రంధ్రానికి తేవాలి. ఏ రంధ్రం దేనికన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఆ సిలిండర్ ఏ బండిదో ఆ బండి మీద పైపు ఎటు పోతుందో చూసి అలాగే కలపండి. అది ముందు డిస్కు, వెనక డ్రమ్ము బండి సిలిండర్ అయితే డబ్బాలో పెద్ద గది సాధారణంగా డిస్కు వైపుది.

బోరు ఎంత ఉండాలన్నది అసలు ప్రశ్న, దీన్ని ఎవరూ అడగరు. షాపులో ఏది దొరికితే అది తెస్తారు. కొంచెం లెక్క చేద్దాం. మీరు కాలితో 50 కిలోల బలం పెట్టారు, పెడల్ రేషియో (కాలి బలాన్ని పెడల్ ఎన్ని రెట్లు చేస్తుందో) 6 అనుకోండి. రాడ్డు మీద 300 కిలోలు. 1 అంగుళం బోరు వైశాల్యం సుమారు 5.07 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి లైనులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 59 కిలోలు. అదే 7/8 అంగుళం బోరయితే 77, ముప్పావు అంగుళమైతే 105. చిన్న బోరు వేస్తే బ్రేకు తేలిగ్గా, గట్టిగా పడుతుంది. కానీ అంతే ఆయిల్ తోయడానికి పెడల్ ఎక్కువ దూరం పోవాలి. ఒక అంగుళం నుంచి ముప్పావు అంగుళానికి దిగితే ఆ దూరం సుమారు 1.78 రెట్లవుతుంది. జీపు పెడల్‌కు అంత చోటు లేదు, ఫ్లోరుకు తగిలిపోతుంది. ఎవరో పెద్ద బండి టీఎంసీ దొరికిందని ఒకటింబావు అంగుళం బోరుది వేస్తే దీనికి రివర్సు: పెడల్ రాయిలా ఉంటుంది, బండి ఆగదు.

నాలుగు డ్రమ్ములే ఉంచి బూస్టర్ లేకుండా చేసేవాళ్లకు నా సలహా, పాత 1 అంగుళం బోరు దరిదాపుల్లోనే ఉండండి. అదే బోరు టీఎంసీలో రెండు పిస్టన్ల కదలిక కలిపితే పాత సిలిండర్‌కు పట్టినంతే అవుతుంది కాబట్టి మామూలు వాడకంలో పెడల్ తేడా తెలియదు. తేడా తెలిసేది ఒక వైపు పోయినప్పుడే. అప్పుడు చాలినంత కదలిక మిగిలి ఉందా లేదా అన్నది పరీక్షించి తీరాలి. ఆ పరీక్ష కింద చెబుతాను.

తర్వాతది రెసిడ్యువల్ వాల్వ్. డ్రమ్ బ్రేకు మాస్టర్ సిలిండర్ బయటి రంధ్రంలో ఒక చిన్న చెక్ వాల్వ్ ఉంటుంది. కాలు తీసేశాక కూడా అది లైనులో కొద్దిపాటి ఒత్తిడి, సుమారు 8 నుంచి 10 పీఎస్ఐ, నిలిపి ఉంచుతుంది. వీల్ సిలిండర్‌లో రబ్బరు కప్పుల పెదాలు గోడకు ఆనుకుని ఉండటానికీ గాలి లోపలికి లాగకుండా ఉండటానికీ అది కావాలి. కప్పుల వెనక ఎక్స్‌పాండర్లు (పెదాలను గోడకు నొక్కి పట్టే ముక్కలు) ఉన్న కొత్త తరహా వీల్ సిలిండర్లకు ఇది అవసరం లేదు. డిస్కు లైనులో అంత ఒత్తిడి నిలిస్తే ప్యాడ్లు డిస్కును వదలవు, కాసేపటికి హబ్బు కాలుతుంది. అందుకే డ్రమ్ముల మాస్టర్ అలాగే ఉంచి ముందు డిస్కులు వేస్తే చక్రం పట్టేస్తుంది. మెకానిక్ కాలిపర్‌ను అనుమానించి రెండుసార్లు మారుస్తాడు, గొడవ అక్కడ ఉండదు. ఇంకో చిక్కు ఉంది. మీ మాస్టర్ ఫ్లోరు కింద ఉంది కాబట్టి కాలిపర్ కన్నా కిందికి రావచ్చు. అప్పుడు ఆయిల్ మెల్లగా వెనక్కి జారి మొదటి తొక్కుకు పెడల్ దిగుతుంది. డిస్కు లైనుకు 2 పీఎస్ఐ వాల్వ్ విడిగా పెట్టేది అందుకే. మాస్టర్‌ను పైకి, ఫైర్‌వాల్ (ఇంజనుకూ డ్రైవరుకూ మధ్య రేకు గోడ) మీదికి తెస్తే ఇది అవసరం లేదు.

టీఎంసీని ఎక్కడ బిగించాలి? కిందే ఉంచుకోవచ్చు, కానీ అది పాతదానికంటే పొడుగు. క్రాస్ మెంబర్, సైలెన్సర్ పైపు, క్లచ్ లింకేజీ అన్నీ అడ్డొస్తాయి. బ్రాకెట్ బలంగా చేయించి, ఆయిల్ డబ్బాను రబ్బరు పైపులతో బానెట్ కిందికి తెచ్చుకుంటే కనీసం ఆయిల్ మట్టం కంటికి కనిపిస్తుంది. రెండో దారి, వేలాడే పెడల్ సెట్టు తెచ్చి ఫైర్‌వాల్ మీద బూస్టర్‌తో సహా పెట్టడం. పని ఎక్కువ, ఫలితం మంచిది. అయితే ఓపెన్ జీపు ఫైర్‌వాల్ రేకు పలుచన. వెనక 3 మి.మీ. ప్లేటు వేయకుండా బిగిస్తే గట్టిగా తొక్కినప్పుడు రేకే వంగుతుంది. మీరేమో గాలి ఉందనుకుని మళ్లీ మళ్లీ బ్లీడింగ్, అంటే లైనులో గాలి తీయడం, చేస్తుంటారు. ఒకరిని పెడల్ తొక్కమని మీరు బానెట్ ఎత్తి చూడండి, సిలిండర్ కదులుతుంటే కనిపిస్తుంది.

రాడ్డుకూ పిస్టన్‌కూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి. సందు లేకపోతే సిలిండర్‌లోని చిన్న రంధ్రం మూసుకుపోతుంది. వేడికి ఆయిల్ వ్యాకోచించి డబ్బాలోకి వెనక్కి వెళ్లే దారి ఉండదు, బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి. పది కిలోమీటర్లు పోయాక బండి బరువెక్కుతోంది, చల్లారాక మళ్లీ బాగుంటోంది అంటే మొదట చూడాల్సింది ఈ సందే.

ఇక పైపులు, నట్లు. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. పాత జీపులకు 3/16 అంగుళం, అంటే 4.75 మి.మీ. స్టీలు పైపు, 3/8 అంగుళం 24 టీపీఐ (అంగుళానికి 24 మర చుట్లు) నట్లు, రెండు మడతల ఫ్లేర్ (పైపు చివర విప్పార్చి చేసే అంచు). కొత్త బళ్ల టీఎంసీల్లో, కాలిపర్లలో ఎం10 (10 మి.మీ.), 1 మి.మీ. పిచ్ (మర చుట్ల మధ్య దూరం) మర, బుడగలా ఉబ్బిన బబుల్ ఫ్లేర్ తరచుగా ఉంటాయి. 3/8 అంటే 9.525 మి.మీ., పిచ్ 1.058 మి.మీ. చూడటానికి రెండూ ఒకటే. అసలు ప్రమాదం ఏమిటంటే చిన్నదైన 3/8 నట్టు ఎం10 రంధ్రంలోకి చక్కగా దిగుతుంది, కొంచెం వదులుగా మర పడుతుంది, బిగిసినట్టే ఉంటుంది కూడా. మామూలుగా తొక్కితే కారదు. ఎదురుగా గేదె వచ్చిందని ప్రాణభయంతో తొక్కిన రోజున మర ఊడి వస్తుంది. అందుకే కన్వర్షన్ మొదలుపెట్టే ముందు ఒక మర గేజీ తీసుకుని ప్రతి రంధ్రాన్నీ కొలవండి. నట్టు చేత్తో మూడు నాలుగు చుట్లు తిరిగాక కూడా అటూ ఇటూ ఊగుతుంటే అది తప్పు నట్టు.

ఫ్లేర్ కూడా అంతే. బబుల్ ఫ్లేర్ రంధ్రంలో రెండు మడతల ఫ్లేర్ కూర్చోదు, బలంగా బిగిస్తే నలిగి కాసేపు ఆపుతుంది. తేలికైన దారి, పాత నట్టును పైపు మీద నుంచి తీసేసి టీఎంసీ వైపు చివరకు దాని నట్టు, దాని ఫ్లేర్ వేసుకోవడం. రెండో చివర పాతదే ఉంచొచ్చు. పైపును రంపంతో కోయకండి, పైపు కట్టర్‌తో కోసి లోపలి అంచు గీకి ఊదండి. ఫ్లేర్ కొట్టే ముందే నట్టు ఎక్కించండి. నవ్వొస్తుంది కానీ ప్రతి షెడ్డులోనూ రోజూ జరిగేదే. ఒక్క మడత ఫ్లేర్ పగులుతుంది, వద్దు. టెఫ్లాన్ టేపు అసలే వద్దు. ఇక్కడ ఆపేది మర కాదు, లోహం మీద లోహం. టేపు ముక్క ఊడి సిలిండర్‌లోకి పోతే అదొక కొత్త తలనొప్పి.

ఏసీ పనివాళ్ల రాగి పైపు వాడదామని ఎవరైనా అంటే అక్కడి నుంచి బండి తీసుకెళ్లిపోండి. వంచడం సులువే, ఫ్లేర్ కూడా అందంగా వస్తుంది. కానీ అదురుకు రాగి గట్టిపడి జాయింటు దగ్గర పగులుతుంది. రాగి, నికెల్ కలిసిన బ్రేకు పైపు వేరు, అది దొరికితే తుప్పు పట్టదు కాబట్టి సముద్రతీరం వాళ్లకు మంచిది. దొరక్కపోతే రాగి పూత ఉన్న మామూలు బ్రేకు స్టీలు పైపే బంగారం. తుప్పు పట్టిన ముక్క కోసి మధ్యలో కంప్రెషన్ జాయింటు వేయడం బ్రేకు లైనులో నిషిద్ధం. అది ఈ ఒత్తిళ్లకు చేసింది కాదు.

పైపు దారి వేసేటప్పుడు సైలెన్సర్‌కు దూరంగా, చాసిస్ లోపలి వైపు, అడుగుకొక క్లిప్పు చొప్పున పోనివ్వండి. టీఎంసీ దగ్గర ఒక చుట్టు తిప్పి వదిలితే ఇంజను, బాడీ అదురు పైపు మీద పడదు. కమాన్ పట్టీల యూ బోల్టుల దగ్గర రాపిడి చూడండి. హోసుల పొడవును బండి నేల మీద ఉన్నప్పుడు చూసి తృప్తిపడితే లాభం లేదు. చాసిస్‌ను జాకీతో ఎత్తి చక్రాలు వేలాడేదాకా వదలండి, స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. హోస్ లాగినట్టయినా, టైరుకో పట్టీకో తగిలినా మార్చాల్సిందే. పొడుగు షాకిళ్లు వేసి బండి ఎత్తు పెంచినవాళ్లకు పాత హోస్ ఎప్పుడూ చాలదు. పాత హోసుల్లో ఇంకో జబ్బుంది: పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి రబ్బరు ఉబ్బి సందు మూసుకుంటుంది. కాలితో తొక్కితే ఆయిల్ పోతుంది, తిరిగి రాదు. ఒక్క చక్రం పట్టేసి ఉంటే, బ్లీడర్ నిపిల్ (చక్రం దగ్గర గాలి తీసే స్క్రూ) వదిలినప్పుడు చక్రం తిరిగినా హోస్ పై చివరి నట్టు వదిలినప్పుడు తిరగకపోతే దోషం హోస్‌దే.

ఇక బూస్టర్. పెట్రోలు ఇంజనైతే గాలి పీల్చుకునే మానిఫోల్డ్ నుంచి వాక్యూమ్ దొరుకుతుంది. డీజిల్‌కు ఆ సదుపాయం లేదు, వాక్యూమ్ పంపు కావాలి. తర్వాతి మహీంద్రా డీజిల్ బళ్లలో ఆల్టర్నేటర్ వెనక తగిలించినది ఉంటుంది, దాన్నే చాలామంది తెచ్చుకుంటారు. దానికి ఇంజను నుంచి ఆయిల్ పోయే, తిరిగి వచ్చే పైపులు కూడా సరిగ్గా వేయాలి. 8 అంగుళాల బూస్టర్ మంచి వాక్యూమ్‌లో రాడ్డు మీద దాదాపు 200 కిలోల సాయం చేస్తుంది. పైన లెక్కలో మన కాలి బలం రాడ్డు దగ్గర 300 కిలోలు, దానికి ఇది తోడు. అందుకే బూస్టర్ పెట్టాక బోరు కొంచెం పెద్దది వాడుకోవచ్చు, పెడల్ ఎత్తులోనే పడుతుంది. పరీక్ష సులువు: ఇంజను ఆపి నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి, పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. ఘాట్‌లో డీజిల్ ఆదా అని ఇంజను ఆపి దిగే అలవాటున్న డ్రైవర్ చేతికి ఈ బండి ఇవ్వకండి. ఇంజను ఆగాక రెండు మూడు తొక్కుల సాయమే మిగులుతుంది.

తేలికైన ఓపెన్ జీపు, నాలుగు డ్రమ్ములూ సరిగ్గా ఉంటే బూస్టర్ లేకుండానే బాగా ఆగుతుంది. డ్రమ్ములో ముందు వైపు లైనరును చక్రం తిరుగుడే లోపలికి లాక్కుంటుంది కాబట్టి కాలి బలం తక్కువ సరిపోతుంది. డిస్కుకు ఆ సొంత లాగుడు లేదు, అందుకే ఎక్కువ ఒత్తిడి కావాలి. బూస్టర్ లేకుండా డిస్కులు వేసినవాళ్లు ‘డ్రమ్ములే నయం’ అనేది ఇందుకే. అంటే మీ మెకానిక్ చెప్పిన డిస్క్ కిట్ నిజానికి కిట్టు ఒక్కటే కాదు. దానితోపాటు బూస్టర్, వాక్యూమ్ పంపు, టీఎంసీ, వెనక లైనుకు ఒత్తిడి తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వ్, ఆపై రిమ్ముల సమస్య. జీపుకు 5 బోల్టులు, 5.5 అంగుళాల పీసీడీ (బోల్టులు అమరే వలయం వ్యాసం). మారుతి జిప్సీకీ అదే పీసీడీ, కానీ బోల్టులు కలిసినంత మాత్రాన కాలిపర్ రిమ్ము లోపల పడుతుందని కాదు. ముందు రిమ్ము తగిలించి చేత్తో తిప్పి చూశాకే డబ్బు కట్టండి.

డిస్కుకు ఉన్న సుగుణాన్ని దాచను. వాగు దాటాక డ్రమ్ములో నీళ్లు, దమ్ము చేసిన పొలంలో దిగాక డ్రమ్ములో బురద, ఇవి డిస్కుకు పెద్దగా అంటవు. వాగులూ బురదా మీ రోజువారీ పని అయితే డిస్కులు వేయించుకోవడంలో అర్థముంది. ఘాట్ ఒక్కటే భయమైతే లేదు.

ముందు, వెనక సమతూకం గురించి ఒక్క మాట. పాత జీపులో ముందు 1 అంగుళం, వెనక ముప్పావు సిలిండర్లు పెట్టింది ఊరికే కాదు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది. వెనక చక్రాలు ముందే జామైతే పొట్టి జీపు అడ్డం తిరిగిపోతుంది, తడి రోడ్డు మీద మరీ. వెనక యాక్సిల్ వేరే బండిది తెచ్చి పెద్ద సిలిండర్లతో సహా వేసినవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. ఖాళీ మైదానంలో, తడి మట్టి మీద, 20 కిలోమీటర్ల వేగంలో గట్టిగా తొక్కి బయట నిలబడ్డ మనిషిని చూడమనండి. ముందు చక్రాలే ముందు ఆగాలి. ఆ పరీక్ష ఫోర్ వీల్ నుంచి తీసి టూ వీల్‌లో పెట్టి చేయండి. ఫోర్ వీల్‌లో ముందూ వెనకా ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక యాక్సిళ్లకు శక్తి పంచే గేరు పెట్టె)లో కలిసి ఉంటాయి కాబట్టి అసలు గుణం కనబడదు.

గాలి తీయడం దగ్గర టీఎంసీని బండికి ఎక్కించక ముందే బెంచ్ వైస్‌లో పట్టి, రెండు రంధ్రాల నుంచి చిన్న గొట్టాలు డబ్బాలోకే తిప్పి, బుడగలు ఆగేదాకా పిస్టన్‌ను మెల్లగా తోయండి. ఇది మానేస్తే తర్వాత ఎంత బ్లీడింగ్ చేసినా కొంత గాలి లోపలే ఉండిపోతుంది. బ్లీడింగ్‌కు ముందు షూలను, అంటే లైనర్లు అంటించి ఉన్న వంపు పట్టీలను, సరిచేయండి. పాత జీపు బ్యాక్ ప్లేటు మీద పైన రెండు కామ్ అడ్జస్టర్లు, కింద రెండు యాంకర్ పిన్నులు ఉంటాయి. కొత్త లైనర్లు వేశాక కింది పిన్నులను ముట్టుకోని మెకానిక్కులే ఎక్కువ, అందుకే పెడల్ సగం దాకా ఖాళీగా దిగుతుంది. అది గాలి కాదు, షూలకూ డ్రమ్ముకూ మధ్య దూరం. తర్వాత మాస్టర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టండి. మన కుడి స్టీరింగ్ బండిలో ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. పాత మాస్టర్ సిలిండర్‌తోనే ఉన్నవాళ్లు బ్లీడింగ్‌లో పెడల్‌ను ఫ్లోరుదాకా తొక్కించకండి. ఎప్పుడూ వాడని చివరి భాగంలో తుప్పు ఉంటుంది, కప్పు అక్కడ చిరుగుతుంది. ఆయిల్ డాట్ 3 లేదా 4, కొత్త సీసా. సిలికాన్ రకం డాట్ 5ను వీటితో కలపకూడదు. ఇంజను ఆయిలో, గేరు ఆయిలో ఒక్క చుక్క పడినా రబ్బరు అంతా ఉబ్బి పాడవుతుంది.

ఇప్పుడు పైన చెప్పిన పరీక్ష. అంతా అయ్యాక, బండి కదలకుండా చక్రాలకు దిమ్మలు పెట్టి, వెనక చక్రం బ్లీడర్ నిపిల్ ఒకటి వదిలి, గొట్టం సీసాలో పెట్టి పెడల్ తొక్కండి. పెడల్ ఫ్లోరుకు తగలక ముందే గట్టిపడాలి, ముందు చక్రాలు తిప్పితే తిరగకూడదు. నిపిల్ మూసి ఇదే ముందు వైపు చేసి వెనక చక్రాలు చూడండి. ఒక వైపైనా పెడల్ ఫ్లోరుకు తగిలి అక్కడే ఆగితే మీరు డబ్బు పెట్టి కొన్న రెండో లైను ఆపదలో పనిచేయదు. రాడ్డు పొడవు, పెడల్ ఎత్తు, షూల సందు, బోరు, ఈ వరుసలో చూసుకోండి. పరీక్ష అయ్యాక మళ్లీ గాలి తీయాలి. చాలా షెడ్లలో ఈ పరీక్ష చేయరు, మీరు దగ్గరుండి చేయించండి.

చిన్నవి రెండు. పాత జీపులో బ్రేకు లైటు స్విచ్ ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది, టీ దగ్గర ఉంటుంది. టీ తీసేస్తారు కాబట్టి పెడల్ దగ్గర మామూలు స్విచ్ పెట్టించండి. ఒక సర్క్యూట్‌లోనే పాతది ఉంచితే ఆ సర్క్యూట్ పోయిన రోజు వెనకొచ్చే లారీకి మీ లైటు కూడా కనబడదు. రెండోది హ్యాండ్ బ్రేకు. మీ బండికి ట్రాన్స్‌ఫర్ కేసు వెనక డ్రమ్ము ఉంటే దాన్ని తీసేయనివ్వకండి, ఆయిల్‌తో సంబంధం లేని బ్రేకు అదొక్కటే. కాకపోతే అది ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను పడుతుంది. ఒక వెనక చక్రం జాకీ మీద లేస్తే డిఫరెన్షియల్ తిరిగి బండి కదిలిపోతుంది. అందుకే పైన దిమ్మలు పెట్టమన్నాను.

కాగితాల విషయం: ఆర్సీలో ఉన్న వివరాలకు, కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నమైన మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తుంది. మీ బండికి 15 ఏళ్లు ఎప్పుడో దాటాయి కాబట్టి ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు తీసుకెళ్లాల్సి ఉంటుంది. పని మొదలుపెట్టక ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, విడిభాగాల బిల్లులు దాచుకోండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది: నాలుగు హోసులు, పైపులు అన్నీ కొత్తవి, వీల్ సిలిండర్లకు కొత్త రబ్బరు కిట్లు, డాట్ 4 ఆయిల్, 1 అంగుళం దగ్గరి బోరు టీఎంసీ, ముందు వెనక విడి లైన్లు. దీనితో ఒక వర్షాకాలం నడపండి. అప్పటికీ కాలు నొప్పి అనిపిస్తే బూస్టర్. ఆర్డరు పెట్టే ముందు వీల్ సిలిండర్ల బోరు, పెడల్ రేషియో, రిమ్ము సైజు కొలిచి ఇక్కడ రాయండి. రేషియో అంటే పెడల్ రబ్బరు నుంచి పెడల్ తిరిగే పిన్ను దాకా ఉన్న దూరాన్ని పిన్ను నుంచి రాడ్డు దాకా ఉన్న దూరంతో భాగించడం. ఆ మూడూ తెలిస్తే ఏ టీఎంసీ తెచ్చుకోవాలో చెబుతాను.